ఎండు పీక

స్వామి కల్యాణం పదకొండు రోజుల్లోకి వచ్చింది. తిరుపాలుకి మేళం లేదు.

సన్నాయి ఉంది. ఊదడానికి ఊపిరీ ఉంది. అతను కొండమీద గుళ్లో తోడి రాగం ఎత్తుకుంటే కింద సంతలో బేరాలు ఆగిపోయేవి. కానీ ఒక్కడు ఊదితే మేళం కాదు. పక్కన రెండో సన్నాయి ఉండాలి. శ్రుతి పట్టడానికి ఒకడుండాలి. అన్నిటికన్నా ముందు డోలు ఉండాలి. డోలు మోగకుండా నరసింహస్వామి పల్లకీ గడప దాటదు.

ఎనిమిదేళ్లలో తిరుపాలు పక్కన పద్నాలుగు మంది కూర్చున్నారు. పద్నాలుగు మందీ లేచిపోయారు.

తిరుపాలు సన్నాయికి వంక పెట్టగలవాడు ఆ తాలూకాలో లేడు. తిరుపాలు వంక పెట్టని మనిషీ లేడు. రెండో సన్నాయి బాజీ తమలపాకు నములుతాడు, వాడి ఊపిరి ఎప్పుడూ ఒక క్షణం వెనక. శ్రుతి పట్టే కోటిలింగం కునుకు తీస్తాడు. ఒకడికి చెవి లేదు. ఒకడికి నిలకడ లేదు. ఇంకొకడికి రెండూ ఉన్నాయి గానీ, వాయిస్తూ జనాన్ని చూసి నవ్వుతాడు. సంగీతంలో నవ్వేమిటని వాణ్నీ పంపేశాడు.

ఇక డోలు మాలకొండయ్య సంగతి. ఆ సంగతి తిరుపాలు ఎవరికీ చెప్పడు. చూసినవాళ్లే చెబుతారు.

మూడేళ్ల కిందట ఒక పెళ్లి. తాళి కట్టే వేళ. గట్టిమేళం అందుకోవాల్సిన చోట మాలకొండయ్య చేయి ఒక్క దెబ్బ తడబడింది. తిరుపాలు సన్నాయి దించాడు. అంతమందిలో, పీటల ముందే, మాలకొండయ్య చేతిలోంచి డోలు కర్ర లాక్కుని, "ఇది పొయ్యిలో పెట్టుకోవడానికి పనికొస్తుంది" అన్నాడు. పెళ్లివారు నవ్వారు. మాలకొండయ్య కుడిచేతి వేళ్లకున్న తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి సంచిలో వేసుకుని, డోలు భుజానికి తగిలించుకుని, భోంచేయకుండా వెళ్లిపోయాడు. అతను తిరుపాలు కన్నా పదేళ్లు పెద్ద.

ఆ తర్వాత వచ్చినవాళ్లు ఏడాదికొకరు, ఆర్నెల్లకొకరు. చివరికి కబురంపినా ఎవరూ రావడం మానేశారు.

గుడి ధర్మకర్త రంగనాయకులు గారు చెడ్డవాడేం కాదు. తిరుపాలుని పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"పోయినేడు పల్లకీ ముందు నువ్వొక్కడివే ఊదావు. భక్తులు చేతులతో తాళం వేశారు. నాకు తలకొట్టేసినట్టయింది తిరుపాలూ. ఈసారి మేళం కుదిరిందా సరే. కుదరలేదా, మిషను తెప్పిస్తాం. స్విచ్చి నొక్కితే డోలూ గంటా తాళం మూడూ అదే కొట్టుకుంటుంది. ఒకసారి తెప్పించాక ఇక మనుషుల్ని పిలవం. ముందే చెబుతున్నా."

తిరుపాలు ఊళ్ల మీద పడ్డాడు. ఒక చోట, "మా వాడికి జ్వరం" అన్నారు. ఒక చోట కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఏ మాటా చెప్పకుండా పంపేశారు. ఇంకొక ఊళ్లో వీధి మొదట్లోకే డోలు వినిపించింది. మంచి చేయి. ఆదితాళం శుభ్రంగా నడుస్తోంది. తిరుపాలుకి ప్రాణం లేచొచ్చింది. పరుగులాంటి నడకతో వెళ్లి తలుపు తట్టి, "నేను తిరుపాల్ని" అన్నాడు. లోపల డోలు ఠక్కున ఆగిపోయింది. ఇల్లాలు వచ్చి తలుపు సగం తీసి, "ఆయన ఇంట్లో లేడన్నా" అంది.

ఆమె ముఖంలో అబద్ధమాడుతున్న బెరుకు కూడా లేదు. తిరుపాలు గడపలో కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ నిలబడ్డ చోటే అతనికి మొదటిసారి భయం వేసింది.

అక్కణ్నుంచి తిన్నగా గురువు మౌలాలి గారి ఇంటికి వచ్చాడు.

ఆ కొండమీద సన్నాయి మౌలాలి గారి ఇంటిది. తాతల నాటి నుంచీ నరసింహస్వామిని తెల్లవారుజామున నిద్ర లేపింది దూదేకుల వాళ్ల సన్నాయే. మౌలాలి గారు నమాజు చేసుకుని కొండెక్కేవారు. పైపళ్లు ఊడాక పెదవి నిలవక ఊదడం మానేశారు. కొడుకులు లేరు. పన్నెండేళ్లప్పుడు వచ్చి చేరిన తిరుపాలుకి ఆరేళ్లు విద్య చెప్పి, తర్వాత కొండ మెట్లు అప్పగించారు. మిషను వస్తే పోయేది తిరుపాలు ఒక్కడి పని కాదు, ఆ ఇంటి నాలుగు తరాల సన్నాయి.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆయన భార్య హుసేనమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"గురువుగారూ, మనుషులు దొరకడం లేదు" అన్నాడు తిరుపాలు.

"మనుషులా?"

"సరైన మనుషులు."

మౌలాలి గారు లోపలికి వెళ్లి ఒక పాత రేకు డబ్బా తెచ్చి శిష్యుడి ముందు పెట్టారు. అందులో తొమ్మిది పీకలు ఉన్నాయి. సన్నాయి కొసన పెట్టి ఊదే రెల్లు ముక్కని పీక అంటారు. అది పలికితేనే సన్నాయి పలుకుతుంది. అవి ఆయన ఏటి ఒడ్డున రెల్లు కోయించి చేతికి పని లేక చేసుకున్నవి. ఎండి కటకటలాడుతున్నాయి.

"ఇందులో సరైంది తీసుకో" అన్నారు.

తిరుపాలు పీకలు తంజావూరు నుంచి వస్తాయి, నోట పెడితే చాలు పలికేటట్టు తయారై. అతను డబ్బాలోంచి ఒకటి తీసి, నాలికతో ఒకసారి తడిపి, సన్నాయికి పెట్టి ఊదాడు. కీచుమంది. పడేశాడు. రెండోది గాలి వదిలింది. మూడోది పలకనే లేదు. ఎండు పీక నానితే గానీ దారికి రాదని అతనికి తెలియక కాదు. పదకొండు రోజుల్లో కల్యాణం పెట్టుకున్నవాడికి అంత ఓపిక ఎక్కడిది? తొమ్మిదో పీకని నోట్లోంచి ఊసినట్టు తీసి చేట పక్కన పొట్టులోకి విసిరాడు.

"ఒక్కటీ పనికిరాదు గురువుగారూ."

మౌలాలి గారు వంగి ఆ పొట్టులోంచి ఒక పీక ఏరారు. పంచెకు తుడిచి నోట్లో పెట్టుకున్నారు.

తిరుపాలు ఉలిక్కిపడ్డాడు. ఒక కంచంలో తినే అన్నదమ్ములైనా ఒకరి పీక ఇంకొకరు నోట పెట్టరు. సన్నాయి వాళ్లలో అది లేదు.

"అయ్యో! గురువుగారూ, అది నా ఎంగిలి!"

ఆయన పీకని బుగ్గలోకి తోసుకుని గోడకి చేరబడి కూర్చున్నారు.

ఏదో చెబుతారని తిరుపాలు ఎదురుచూశాడు. చెప్పకపోయేసరికి తనే మొదలుపెట్టాడు. పద్నాలుగు మంది గురించీ చెప్పాడు. బాజీ తమలపాకులు, కోటిలింగం కునుకు, అన్నీ. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. "నేనేం పాపం చేశాను? శుద్ధంగా ఉండాలన్నాను. మీరు నేర్పిందే కదా అడిగాను! అదా నా తప్పు?" అన్నాడు.

మౌలాలి గారు వింటున్నారు. బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది.

మధ్యాహ్నం దాటింది. హుసేనమ్మ అన్నం వడ్డించింది. తిరుపాలు రెండు ముద్దలు తిన్నాడు. గురువు కంచం ముట్టలేదు. తిరుపాలు మళ్లీ మొదలుపెట్టాడు గానీ ఈసారి కోపం లేదు. వెళ్లిన ఊళ్లు, తీయని తలుపులు, ఆగిపోయిన డోలు చెప్పాడు. చెబుతుంటే కళ్లనీళ్లు వచ్చాయి. నలభై ఏళ్లవాడు అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు.

"నా వల్ల కాదు. మిషనే పెట్టుకోనివ్వండి. నేను ఈ సన్నాయి ఏట్లో పడేసి ఎటైనా పోతాను. తిట్టండి, కొట్టండి, ఏదో ఒకటి అనండి గురువుగారూ!"

మౌలాలి గారు కళ్లు మూసుకున్నారు.

"ఆయన ఇప్పుడు పలకరులేయ్యా" అంది హుసేనమ్మ, చేట పక్కన పెడుతూ. "నోట్లో పీక నానుతుంటే మాట్టాడరు. నువ్వు నేర్చుకున్న ఆరేళ్లూ ఇదే వరస. కోడి కూయకముందే లేచి నీ పీక బుగ్గన పెట్టుకుని కూచునేవారు. నువ్వు నిద్ర లేచి మొహం కడుక్కునేసరికి తీసి, తుడిచి, నీ సన్నాయికి పెట్టేవారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. పిల్లోడికి ఎంగిలి అనిపిస్తుంది, ఊదడు అనేవారు."

తిరుపాలు ఆమె వంక చూశాడు. గురువు వంక చూడలేకపోయాడు.

మొదటి రోజే సన్నాయి పలికిందని అతను పాతికేళ్లకు పైగా చెప్పుకుంటున్నాడు. తన నోటికే ఏదో ఉందని, సరస్వతి కటాక్షమని, అందరికీ అలా పలకదని. పెళ్లిళ్లలో చెప్పాడు. శిష్యరికానికి వచ్చిన పిల్లలకి చెప్పి, పలకనివాళ్లని మూడో రోజే ఇళ్లకి పంపాడు.

అరుగు మీద నుంచి ఎండ తప్పుకుంది. మౌలాలి గారు పీక తీసి, వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూసి, మళ్లీ కాసేపు నోట్లో పెట్టుకుని, తీసి శిష్యుడి చేతికిచ్చారు.

తిరుపాలు దాన్ని సన్నాయికి తగిలించాడు. నోట పెట్టాడు. వెచ్చగా ఉంది. షడ్జం పట్టాడు. పొట్టులో పడి ఉన్న పీక అది. అడగకుండానే పలికింది.

"పలికిందా?" అన్నారు మౌలాలి గారు బోసినోటితో.

"పలికింది."

"అయితే ఇంటికి పో. నాకు ఆకలేస్తంది."

మర్నాడు పొద్దున్నే తిరుపాలు మాలకొండయ్య ఊరికి వెళ్లాడు. మాలకొండయ్య బజార్లో క్షౌరశాల పెట్టుకున్నాడు. డోలు పాత చీరలో చుట్టి దూలానికి వేలాడుతోంది. తిరుపాలుని చూసి కూడా చేతిలో కత్తి ఆపలేదు. గడ్డం గీయడం అయ్యాక, కూర్చున్నవాడు లేచి వెళ్లాక, తిరుపాలు ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"అన్నా, తప్పయిపోయింది."

మాలకొండయ్య కత్తి తుడిచి బల్ల మీద పెట్టాడు. "చేతులు మొద్దుబారాయి తిరుపాలూ. మూడేళ్లు" అన్నాడు చివరికి.

"పర్లేదన్నా. నేనున్నాగా."

ఆ మాటకి ఆయన కరిగాడు. ఎంతైనా డోలు వాయించినవాడు కదా, దూలం మీద వేలాడుతున్నదాన్ని రోజూ చూస్తూ బతకడం తేలిక కాదు. చీర విప్పాడు. వదులైన వార్లు బిగించాడు. వేళ్లకి తొడుగులు వేసుకున్నాడు. దుకాణం కట్టేశాక ఇద్దరూ కూర్చున్నారు. మొదటి రోజు బాగా సాగింది. రెండో రోజు ఇంకా బాగా సాగింది. తిరుపాలు ఇంటికి వెళుతూ దారిలో తనలో తనే నవ్వుకున్నాడు. డోలు దొరికితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. స్వామి గడప దాటుతాడు.

మూడో రోజు గట్టిమేళం దగ్గర మాలకొండయ్య చేయి తడబడింది. అదే చోట. ఒక్క దెబ్బ.

"అదిగో! అక్కడే! మూడేళ్ల కిందటా అక్కడే తప్పావు!"

అన్న తర్వాత గానీ తిరుపాలుకి తను అన్నట్టు తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. అన్న మాటని ఎలా వెనక్కి తీసుకుంటాడు?

మాలకొండయ్య తొడుగులు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకున్నాడు.

"తప్పు నీది కాదు. నాదే. మళ్లీ నమ్మాను" అన్నాడు. డోలుని చీరలో చుట్టాడు.

తిరుపాలు ఆ తర్వాత నాలుగు రోజులు తిరిగాడు. బతిమాలాడు. దుకాణం తలుపు దగ్గర ఒక పూటంతా మాట్లాడాడు. తన మనసు మంచిదన్నాడు, నోరే చెడ్డదన్నాడు, ఆవేశంలో అన్నానన్నాడు, సంగీతం మీద ప్రేమ కొద్దీ అన్నానన్నాడు. మాలకొండయ్య గడ్డాలు గీస్తూనే ఉన్నాడు. కల్యాణానికి మూడు రోజుల ముందు రంగనాయకులు గారికి మేళం లేదని చెప్పి, తిరుపాలు తలుపు వేసుకుని పడుకున్నాడు.

కల్యాణం రోజు పొద్దున కొండమీద మైకు మోగింది. తిరుపాలు ఇంట్లో ఉండలేక గురువు దగ్గరికి వచ్చాడు. మౌలాలి గారు అరుగు మీద కొండ వైపు తిరిగి కూర్చున్నారు. ఏ ఏడూ ఆ రోజున ఆ వేళకి ఆయన కింద ఉండేవారు కాదు. పళ్లు ఊడాక కూడా పల్లకీ పక్కన ఉత్త చేతులతో నడిచేవారు.

పైనుంచి డోలు వినిపించింది. డోలు వెనక గంట, గంట వెనక తాళం. దబదబదబ, ఆగడం లేదు. స్వామి లేచినా అదే, పల్లకీ కదిలినా అదే, తాళి కట్టే వేళా అదే.

తిరుపాలు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మౌలాలి గారు చాలాసేపు విన్నారు. చెవి ఒగ్గి, పెద్ద విద్వాంసుడి కచేరీ విన్నట్టు శ్రద్ధగా విన్నారు.

"ఒక్క దెబ్బ తప్పడం లేదురా" అన్నారు. "నువ్వు ఎనిమిదేళ్లు వెతికినవాడు దొరికాడు."

తిరుపాలు తల ఎత్తాడు. ఆయన అతన్ని చూడటం లేదు. కొండ వైపే చూస్తున్నారు. ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి.

తిరుపాలు లేచాడు. గూట్లో ఉన్న రేకు డబ్బా తీసి, ఎండిన పీక ఒకటి ఏరుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మాలకొండయ్య దుకాణం తెరిచేసరికి బయట బల్ల మీద తిరుపాలు కూర్చుని ఉన్నాడు.

"ఇంకెందుకొచ్చావు? కల్యాణం అయిపోయిందిగా" అన్నాడు మాలకొండయ్య.

తిరుపాలు బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. మాలకొండయ్య పాతికేళ్లు సన్నాయి పక్కన కూర్చున్నవాడు. అది చూసి మళ్లీ అడగలేదు.

తిరుపాలు రోజూ వచ్చాడు. బుగ్గన పీక పెట్టుకుని వచ్చేవాడు, అలాగే పోయేవాడు. గడ్డాలకి వచ్చినవాళ్లు, "ఏంటి తిరుపాలూ, నోరు పడిపోయిందా? మంచి పనైంది" అని నవ్వేవారు. నవ్వనిచ్చాడు. నెల దాటింది. కొండమీద మిషను రెండు పూటలా మోగుతూనే ఉంది. ఇక మనుషుల్ని పిలవమన్న మాట రంగనాయకులు గారు నిలబెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం దుకాణం కట్టేస్తూ మాలకొండయ్య దూలం కేసి చూశాడు. ఎలకలు కొట్టాయేమో చూద్దామని తనకి తనే చెప్పుకుంటూ డోలు దించాడు. వార్లు బిగించి, తొడుగులు లేకుండానే రెండు దెబ్బలు వేసి చూశాడు. తర్వాత తొడుగులు వేసుకున్నాడు.

నడక బాగానే వచ్చింది. గట్టిమేళం దగ్గర చేయి తడబడింది. మాలకొండయ్య పాత అలవాటు కొద్దీ తల ఎత్తి తిరుపాలు ముఖంలోకి చూశాడు.

తిరుపాలు తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆపలేదు.

మాలకొండయ్య తల దించి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అదే చోట మళ్లీ ఒక దెబ్బ తప్పింది.

తిరుపాలు నోట్లో పీక ఇంకా నానలేదు.